మంద్రనాదము – సబ్‌వూఫరులో అనునాద పౌనఃపున్యము

గత సంవత్సరము మన కళాశాల వార్షికోత్సవమునాడు జరిగిన ఒక సంఘటన పాఠకులలో చాలమందికి గుర్తుండే ఉంటుంది. ద్వితీయ సంవత్సర విద్యార్థిని ఒకరు ఉర్దూ నజ్మ్ చదువుతున్నది. వెనుక రికార్డు చేసిన సంగీతము సన్నగా వినవస్తున్నది. ఆ సంగీతములో ఒకానొక మంద్రస్వరము వచ్చినప్పుడల్లా వేదిక మూలనున్న పెద్ద స్పీకరు పెట్టె 'గుం'మని మ్రోగి, కిటికీ అద్దాలు గడగడలాడి, నజ్మ్‌లోని మాటలు ఆ మ్రోతలో మునిగిపోయినాయి. ఇతర స్వరాలకు ఈ ఉపద్రవము లేదు. ఆ ఒక్క స్వరానికే. అమ్మాయి రెండు పర్యాయాలు ఆగి మొదలుపెట్టినది. మూడవసారి చదవకుండానే వేదిక దిగిపోయినది.

మరునాడు అభిప్రాయాలకు కొదువ లేకపోయినది. ముందు వరుస నడుమ సోఫాలలో కూర్చున్న పెద్దలు చెవులు చిల్లులు పడినాయన్నారు. వారికి కాస్త ప్రక్కగా కూర్చున్న అధ్యాపకులు అంత మ్రోత ఏదీ తమకు వినబడలేదన్నారు. యాంప్లిఫయరు చాలలేదు, రెట్టింపు వాట్లది కొనవలెనని ఒకరు. 12 అంగుళాల స్పీకరు చిన్నది, 18 అంగుళాలది వేయవలెనని మరొకరు. కొనుగోలు ప్రతిపాదన కూడా తయారైనది. మేము తెలుగు పాఠము చెప్పుకొనేవారము. అయినా ఆ అమ్మాయి దిగిపోవడము మనసులో మిగిలినందువల్ల, భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను, తృతీయ సంవత్సర విద్యార్థులు నలుగురిని తోడు చేసుకొని ఆ పెట్టెను విప్పి చూచినాము. చూచినదానిని, దానికి కారణమైన సూత్రాన్ని అందరికీ తెలిసే మాటలలో చెప్పడము ఈ వ్యాసములో మేము పెట్టుకొన్న పని.

ముందు మాట సంగతి. 'అను' అంటే వెంట. 'నాదము' అంటే ధ్వని. ఒక ధ్వని వెంట మరొక వస్తువు తానుగా పలకడము అనునాదము. ఉర్దూ భౌతికశాస్త్ర గ్రంథాలలో దీనినే గమక్ అంటారు. కర్ణాటక సంగీతములోని గమకము వేరు, రెండింటిని కలపరాదు. 1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉర్దూలోనికి శాస్త్ర గ్రంథాలను తెచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులో పారిభాషిక పదాలకు ఒక దారి చూపినది. కనుక ఈ విషయము చెప్పడానికి మన రెండు భాషలలో దేనికీ మాటల కొరత లేదు.

కదలగలిగి, కదిలినప్పుడు తిరిగి తన చోటికి రాజూచే ప్రతి వస్తువుకు తనదైన ఒక ఊపు ఉంటుంది. ఊయలను ఒకసారి నెట్టి వదిలితే అది తన వేగముతోనే ఊగుతుంది గాని మనము కోరిన వేగముతో ఊగదు. సెకనుకు ఎన్ని ఊపులో ఆ సంఖ్యను పౌనఃపున్యమంటారు. దాని ప్రమాణము హెర్ట్జ్. వస్తువు తన సొంత ఊపును సహజ పౌనఃపున్యమంటారు. ఊయల తన ఊపులో ఉండగా ఆ సమయానికే సరిగా నెడితే చిన్నపిల్ల చేయి కూడా పెద్దమనిషిని ఎత్తున ఊపగలదు. వేళ తప్పి నెడితే ఎంత బలమైనా వృథా. బయటి ఊపు, లోపలి ఊపు ఒకటైనప్పటి ఆ పెరుగుదలే అనునాదము.

ఈ సహజ పౌనఃపున్యాన్ని నిర్ణయించేవి ముఖ్యముగా రెండు: వస్తువును వెనుకకు లాగే బిగువు, వస్తువు బరువు. బిగువు పెరిగితే పౌనఃపున్యము పెరుగుతుంది. బరువు పెరిగితే తగ్గుతుంది. డప్పు వాయించేవారు ముందుగా మంట వేసి డప్పును కాచడము మనము చూచినదే. వేడికి చర్మములోని తేమ పోయి బిగుస్తుంది, స్వరము పైకి లేస్తుంది. ఇది బిగువు పని. మృదంగము ఎడమవైపున, తొప్పి మీద, కచేరీకి ముందు తడిపిన రవ్వముద్దను అంటించి కచేరీ అయినాక గీకివేస్తారు. ఆ ముద్ద బరువుకు స్వరము దిగి గంభీరమవుతుంది. ఇది బరువు పని. తబలా, మృదంగాల నడుమనుండే నల్లని పూత చేసే మేలు ఇంకా సూక్ష్మమైనది. దానివల్లనే ఆ చర్మపు ఉపస్వరాలు ఒక క్రమములోనికి వచ్చి శ్రుతిగా వినబడతాయని సి.వి. రామన్ 1920లో శివకాళి కుమార్‌తో కలిసి ప్రకటించినారు. లెక్కలో ఒక మెలిక ఉన్నది: బరువు నాలుగింతలైతేనే పౌనఃపున్యము సగమవుతుంది. బిగువు నాలుగింతలైతేనే అది రెట్టింపవుతుంది. వర్గమూలము వచ్చి కూర్చుంటుంది. ఈ మెలికను పాఠకులు మరువరాదు. పెట్టె కథ అంతా దీనిమీదనే నడుస్తుంది.

ఇక స్పీకరు. కాగితముతోనో అటువంటి తేలిక పదార్థముతోనో చేసిన శంకువు ఒకటి, దాని మొదట్లో రాగితీగ చుట్ట ఒకటి, ఆ చుట్ట చుట్టూ అయస్కాంతము. శంకువు బయటి అంచును రబ్బరు లేక నురగవలయము పట్టి ఉంచుతుంది. మొదటి భాగాన్ని ముడతల గుడ్డ బిళ్ళ ఒకటి పట్టి ఉంచుతుంది. దానిని పనివారు స్పైడరు అంటారు. తీగచుట్టలో విద్యుత్తు అటూ ఇటూ పారితే శంకువు ముందుకు వెనుకకు కదిలి గాలిని నెడుతుంది. డప్పు చర్మములో వలెనే ఇందులోనూ బిగువు ఉన్నది: అంచు, స్పైడరు. బరువు ఉన్నది: శంకువు, తీగచుట్ట, వాటిని అంటుకొని కదిలే కొంత గాలి. కనుక స్పీకరుకూ ఒక సహజ పౌనఃపున్యము తప్పదు.

మనిషి చెవికి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినిపిస్తుంది. సబ్‌వూఫరు అందులో అడుగుభాగాన్ని, దాదాపు 100 హెర్ట్జ్‌కు లోబడినదానిని మాత్రమే పలికించే స్పీకరు. దానికి శంకువు బరువుగా, అంచు మెత్తగా చేస్తారు. సహజ పౌనఃపున్యము 20, 30 హెర్ట్జ్ దగ్గర ఉండేటట్లు చూస్తారు. ఎందుకు? అనునాదము దగ్గర స్పీకరు బాగా మ్రోగుతుంది గనుక అని చాలమంది అనుకొంటారు. మేమూ మొదట అట్లే అనుకొన్నాము. అది సరికాదు. అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజినీర్లు 1925లో నేటి స్పీకరుకు మూలరూపాన్ని ప్రకటించినప్పుడే ఇందులోని కీలకము తేలినది. అనునాదానికి పైనున్న పౌనఃపున్యాలలో శంకువు కదలికను దాని బరువే శాసిస్తుంది. అక్కడ స్పీకరు అన్ని స్వరాలను సమానముగా పలుకుతుంది. అనునాదానికి క్రిందనైతే బిగువు శాసిస్తుంది. అక్కడ ధ్వని త్వరత్వరగా పడిపోతుంది. మూసిన పెట్టెలో పౌనఃపున్యము సగమైన ప్రతిసారీ 12 డెసిబెల్ల వంతున పడిపోతుంది. అనగా అనునాదము మనము నివసించే గది కాదు, గడప. గడప ఎంత క్రిందనుంటే అంత మంద్రము వరకు పోవచ్చును.

గడప దగ్గర ఏమి జరుగుతుందో నిర్ణయించేది మరొకటి ఉన్నది. ఊగేదానిని ఆపే కట్టడి, ఇంజినీర్ల మాటలో డాంపింగు. దీనికి విద్యార్థులు పైసా ఖర్చు లేకుండా చేయగల ప్రయోగమొకటి చెపుతాము. పెట్టెలేని పెద్ద స్పీకరును బల్లపై పెట్టి శంకువును వ్రేలితో మెత్తగా తట్టండి. 'బొమ్'మని సాగుతుంది. ఇప్పుడు దాని రెండు కొనలను ఒక తీగముక్కతో కలిపి మళ్ళీ తట్టండి. 'టప్'మని అక్కడే ఆగుతుంది. అయస్కాంతము నడుమ కదిలే తీగచుట్ట తానే విద్యుత్తును పుట్టిస్తుంది. దారి దొరికినప్పుడు ఆ విద్యుత్తు పారి, తనను పుట్టించిన కదలికనే అడ్డుకొంటుంది. మంచి అయస్కాంతమున్న స్పీకరులో ఈ కట్టడి గట్టిగా ఉంటుంది. దీనిని కొలిచే అంకె ఒకటి కలదు, క్యూ అంటారు. పెట్టెలో బిగించిన తరువాత ఆ అంకె 0.7 దగ్గరనుంటే స్వరాలన్నీ చదునుగా వినబడతాయి. ఒకటి దాటితే గడప దగ్గర గుట్ట లేస్తుంది. మన పెట్టెలో లేచినది ఆ గుట్టయే.

మా పరీక్షకు కావలసినవి ప్రయోగశాలలోనే దొరికినాయి: సంకేత జనకము, 1000 ఓముల నిరోధము, వోల్టుమీటరు. నిరోధాన్ని స్పీకరుకు వరుసలో కలిపి, పౌనఃపున్యాన్ని మెల్లగా పెంచుతూ స్పీకరు కొనల మధ్య వోల్టేజి చూచినాము. అనునాదము వద్ద శంకువు ఎక్కువగా కదిలి ఎదురు విద్యుత్తును ఎక్కువగా పుట్టిస్తుంది గనుక వోల్టుమీటరు ముల్లు అక్కడ శిఖరానికెక్కి మళ్ళీ దిగుతుంది. పెట్టె నుండి విప్పిన స్పీకరుకు శిఖరము 28 హెర్ట్జ్ వద్ద వచ్చినది. మంచి స్పీకరే. తిరిగి పెట్టెలో బిగించి చూచినాము: 56. సరిగా రెట్టింపు! విద్యార్థులు పొరపాటేమోనని మూడుసార్లు కొలిచినారు. మూడుసార్లూ అంతే.

పెట్టెలోని గాలి చేసిన పని ఇది. సైకిలు పంపు మూతిని బొటనవ్రేలితో మూసి పిడిని నొక్కండి. వదిలితే పైకి తన్నుకొని వస్తుంది. మూసిన గాలి ఒక స్ప్రింగు. పెట్టె ఎంత చిన్నదైతే ఆ స్ప్రింగు అంత బిరుసు. స్పీకరు సొంత బిగువుకు ఈ గాలి బిగువు తోడై, రెండూ కలిసి నాలుగింతలైనప్పుడు పౌనఃపున్యము రెట్టింపైనది. మన పెట్టె లోపలి ఘనపరిమాణము 40 లీటర్లు. మొత్తము బిగువు నాలుగింతలంటే అందులో గాలి వంతు మూడింతలు. అనగా ఈ స్పీకరు సొంత బిగువుకు సమానమైన గాలి 40కి మూడింతలు, 120 లీటర్లు. స్పీకర్లతోపాటు వచ్చే కాగితాలలో 'వాస్' అనే పేరుతో లీటర్లలో వ్రాసేది ఈ అంకెనే. మన స్పీకరు కాగితము ఏనాడో పోయినది. ఐతేనేమి, లెక్క చెప్పినది. పౌనఃపున్యముతోపాటు క్యూ కూడా అదే వంతున పెరుగుతుంది: విడి స్పీకరులో 0.55గా తేలినది పెట్టెలో 1.1 అయినది.

గాలి స్ప్రింగును శత్రువుగా చూడక మిత్రునిగా వాడుకొన్నవాడు ఎడ్గర్ విల్చర్. ఆయన 1954లో స్పీకరు అంచును, స్పైడరును కావాలని బాగా వదులు చేసి, శంకువును వెనుకకు లాగే పనినంతా మూసిన పెట్టెలోని గాలికే అప్పగించినాడు. గుడ్డ, కాగితాల కంటె గాలి చక్కని స్ప్రింగు. తక్కువ వంకర పోతుంది. అంతవరకు బీరువాలంత ఉండే స్పీకర్లు పుస్తకాల అరలో పట్టేంతకు దిగినాయి. కాని అందుకు ఆ స్పీకరు ఆ పెట్టెకే, ఆ పెట్టె ఆ స్పీకరుకే పుట్టినట్లుండాలి. మన పెట్టెను చేసిన వడ్రంగి ప్లైవుడ్డు షీటు ఎంతవరకు వస్తుందో చూచుకొని చేసినాడు. ఆయనకు అంతకుమించి ఎవరూ చెప్పలేదు.

కొన్ని పెట్టెలకు ముందువైపు గొట్టపు రంధ్రముంటుంది. అది గాలి పోవడానికని అనుకొంటారు. కాదు, అది మరొక అనునాదము. ఖాళీ సీసా మూతిపై ఊదితే 'ఊఁ'మంటుంది. మెడలోని గాలి బరువు, కడుపులోని గాలి స్ప్రింగు. కుళాయి క్రింద బిందె నిండుతున్నకొద్దీ శబ్దము సన్నబడుతుంది. ఇంట్లో అమ్మ తిరిగి చూడకనే బిందె నిండినదని చెప్పడము ఈ శాస్త్రమే. లోపల మిగిలిన గాలి తగ్గుతున్నకొద్దీ అనునాదము పైకి పోతున్నది. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దిలో వివరించిన ఈ సూత్రాన్ని అమెరికాలోని ఆల్బర్ట్ థురాస్ స్పీకరు పెట్టెకు తెచ్చి 1932లో పేటెంటు పొందినాడు. 50 లీటర్ల పెట్టెకు ఏడున్నర సెంటీమీటర్ల వ్యాసము, 15 సెంటీమీటర్ల పొడవు గల గొట్టము పెడితే ఆ గాలి సుమారు 36 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. వింత ఏమంటే అక్కడ ధ్వని గొట్టము నుండే వస్తుంది. శంకువు దాదాపు నిలబడి ఉంటుంది. అయితే ఆ పౌనఃపున్యానికి క్రిందకు పోతే శంకువుకు వెనుక ఆసరా ఉండదు. ధ్వని రాదు, కదలిక మాత్రము విపరీతము. బాస్ మీట పూర్తిగా త్రిప్పి, తీగచుట్టలను చెడగొట్టుకొనే వారు చాలమంది పడేది ఈ గోతిలోనే. ఇటువంటి పెట్టెలకు నమ్మదగిన లెక్క ఆస్ట్రేలియా నుండి వచ్చినది. నెవిల్ థీల్ 1961లో వ్రాసిన వ్యాసము అమెరికాలో 1971లో మళ్ళీ అచ్చైన తరువాతనే లోకమంతా గుర్తించినది. రిచర్డ్ స్మాల్ ఆ దశకములోనే దానిని పూర్తిచేసినాడు. నేడు ప్రతి స్పీకరు కాగితము మీద ఉండే అంకెలు వారిద్దరి పేరుమీదనే నడుస్తున్నాయి.

మన హాలుకు వద్దాము. 56 హెర్ట్జ్ వద్ద పెట్టె గుట్ట లేపినదన్నాము. కాని క్యూ 1.1 అయితే లేచే గుట్ట రెండు డెసిబెల్లకు మించదు. అద్దాలు గడగడలాడడానికి అది చాలదు. మిగిలినది గోడల పని. ఎండకాలపు గాలిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. 57 హెర్ట్జ్ తరంగము పొడవు 6.1 మీటర్లు. మన హాలు వెడల్పు కొలిచినాము: 20 అడుగులు, అనగా 6.1 మీటర్లు! రెండు గోడల నడుమ ఆ తరంగము నిలబడిపోతుంది. అటువంటప్పుడు రెండు గోడల ప్రక్కన, సరిగా నడుమ ధ్వని బలముగా ఉంటుంది. గోడకు ఐదడుగుల దూరములో దాదాపు ఉండదు. సోఫాలు నడుమ ఉన్నాయి; అధ్యాపకుల కుర్చీలు గోడకు ఐదడుగులలో ఉన్నాయి. మరునాడు వాదించుకొన్న రెండు పక్షాలూ నిజమే చెప్పినాయి. పెట్టెను మూలన పెట్టినందువల్ల గోడల తరంగము మరింత రెచ్చిపోయినది.

ఇప్పుడు కొనుగోలు ప్రతిపాదన సంగతి. యాంప్లిఫయరు వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడే డెసిబెల్లు. చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచడానికి సుమారు పది కావలెను, అనగా పదింతల వాట్లు. పైగా ఆ మూడూ నజ్మ్‌కూ వస్తాయి, గుంకారానికీ వస్తాయి. 18 అంగుళాల స్పీకరును అంత చిన్న పెట్టెపై బిగిస్తే పెద్ద శంకువుకు అదే గాలి ఇంకా బిరుసుగా తోస్తుంది. రోగము ముదురుతుంది.

మేము చేసినది ఇంతే. అదే స్పీకరుకు 120 లీటర్ల పెట్టె చేయించినాము: రెండడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, అడుగు పైచిలుకు లోతు. గాలి బిగువు, స్పీకరు బిగువు సమానమై మొత్తము రెండింతలవుతుంది. రెండు వర్గమూలము 1.41, 28ని దానితో హెచ్చవేస్తే దాదాపు 40 హెర్ట్జ్. కొలిస్తే 41 వచ్చినది; స్పీకరు వెనుకభాగము, లోపలి చెక్కలు కొంత చోటు తిన్నాయి. పరుపులు కుట్టేచోట తెచ్చిన దూదిని వదులుగా నింపితే 39కి దిగినది. దూది గాలి వేడెక్కడాన్ని తగ్గించి పెట్టెను కాస్త పెద్దదైనట్లు చేస్తుంది. క్యూ 0.8కి లోపుకు వచ్చినది. పెట్టెను మూల నుండి తీసి గోడకు ఐదడుగులలో, ఆ తరంగము మాయమయ్యే చోట నిలిపినాము. అద్దాలు ఊరకున్నాయి. పూర్తిగా చక్కబడినదని చెప్పము; గోడలను మార్చలేదు గనుక నడుమ సోఫాలలో ఇప్పటికీ ఆ స్వరము కొంచెము బరువుగానే వినబడుతుంది.

మాట కోసము ఇదంతా కూడా అక్కరలేదు. మగవారి గొంతు అడుగు స్వరము సుమారు 85 హెర్ట్జ్‌కు పైన, ఆడవారిది 165కు పైన ఉంటుంది. నజ్మ్, ఉపన్యాసము, నాటకము జరిగేటప్పుడు సబ్‌వూఫరును ఆపివేస్తే పోయేది ఏమీ లేదు. మైకు కొయ్యను తాకిన చప్పుడు, వేదికపై అడుగుల దడదడ మాత్రము పోతాయి.

బయటివారి సంగతి ఒకటి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు అని హద్దు పెట్టినాయి. అయితే ఆ కొలత చెవి స్వభావాన్ని అనుసరించినది; 50 హెర్ట్జ్ ధ్వనిని సుమారు 30 డెసిబెల్లు తగ్గించి లెక్కిస్తుంది. మంద్రధ్వనినేమో గోడలు అంతగా ఆపలేవు. మీటరు సరేనన్నా ప్రక్కింటి కిటికీ వణకవచ్చును. పరీక్షల రోజులలో మా కొలతలు సాగుతుండగా ప్రక్కింటి పెద్దాయన ఒకరు గేటు వద్దకు వచ్చి, "బాబూ, మా అల్మారీలో గాజుగ్లాసులు మాట్లాడుతున్నాయి" అన్నారు. ఆ గ్లాసుల సహజ పౌనఃపున్యము అంత తక్కువ కాదు. పలికినది అల్మారీ పలక. ఆయనకు ఆ తేడా వివరించే సాహసము మేము చేయలేదు. క్షమాపణ చెప్పి ఆనాటికి కట్టివేసినాము.

కొత్త పెట్టె ఇప్పుడు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉన్నది. దాని వెనుక ఒక కాగితము అంటించినాము: విడి స్పీకరు 28, పెట్టెలో 39, వాస్ 120 లీటర్లు. వార్షికోత్సవానికి ముందు ఏ విద్యార్థి అయినా అరగంటలో తిరిగి కొలిచి చూచుకోవచ్చును. కమిటీవారికి మా మనవి ఒకటే. ఇకముందు స్పీకర్లకు కొటేషన్లు పిలిచేటప్పుడు వాట్లతోపాటు సహజ పౌనఃపున్యము, క్యూ, వాస్ అనే మూడు అంకెలు కూడా వ్రాయుమని అడగవలెను. పెట్టె ఘనపరిమాణము లీటర్లలో అడగవలెను. ఆ నజ్మ్ ఈ సంవత్సరపు కార్యక్రమ పత్రములో మొదటి అంశముగా చేర్చబడినది. దానికి సబ్‌వూఫరు ఆపి ఉంచుతారు.